రాయి మీద రెండేళ్ళు ఎక్కువ

ఆసుపత్రి లాండ్రీలో చేరిన మొదటిరోజే ఇస్త్రీ అక్క నా చేతిలో బకెట్టు లాగేసుకుంది. ఆపరేషన్ గది నుంచి వచ్చిన దుప్పటిని నేను తిన్నగా వేన్నీళ్ళలో ముంచబోయాను మరి.

"రక్తానికి చన్నీళ్ళు," అంది. "వేన్నీళ్ళు తగిలాయంటే ఆ మరక నీతోపాటే రిటైరవుతుంది."

మొహంలో నవ్వు లేకుండా హాస్యమాడటం ఆమె తీరు. అప్పటికి ఆమెకు ఇరవై, నాకు పందొమ్మిది. నేనే కాదు, నలభై దాటిన బాయిలర్ మనిషి కూడా ఆమెను అక్కా అనే పిలిచేవాడు. పద్నాలుగో ఏట తల్లి పోతే తల్లి చేసే పనిలోకే వచ్చింది. అంత చిన్నపిల్లను పెట్టుకోకూడదు కాబట్టి సూపర్‌వైజరు ఆమె వయసు పదహారని రాసుకున్నాడు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. తండ్రి అంతకుముందే ఎటో వెళ్ళిపోయాడు. మిగిలింది నాలుగేళ్ళ తమ్ముడు. వాణ్ణి ఉతికిన దుప్పట్ల బుట్టలో పడుకోబెట్టి, కాలితో బుట్టను కదుపుతూ, చేత్తో దిండు గలీబులు ఇస్త్రీ చేస్తూ పెంచింది.

నేను చేరేనాటికి వాడికి పదేళ్ళు. అందరూ ఈనెపుల్ల అనేవాళ్ళు. చొక్కా వాడికి తొడిగినట్టుండేది కాదు, ఆరేసినట్టుండేది. అక్కాతమ్ముళ్ళది బాయిలర్ గది వెనక ఒక్క గది. బాయిలర్ వైపు గోడ ఏడాది పొడవునా వెచ్చగా ఉండేది. వర్షాకాలంలో మా అందరి తడి బట్టలూ ఆ గోడకే ఆనించి ఆరబెట్టేవాళ్ళం. ఎండాకాలంలో మాత్రం ఆ ఇద్దరూ బయట వసారాలో పడుకునేవాళ్ళు.

ఐదో తరగతితో వాడి చదువు అయిపోయింది. బడిలో ఉన్నంతకాలం బడి వాణ్ణి భరించింది, అంతే. తర్వాత సైకిల్ షాపులో మూడు నెలలు, సినిమా హాల్లో టికెట్లు చింపే పని ఆరు వారాలు, ఒక వడ్రంగి దగ్గర పట్టుమని పది రోజులు కూడా కాదు. పదిహేనో ఏడు దాటాక ఆసుపత్రి పాత పైపుల ముక్కలు గోనెసంచిలో వేసుకుని గోడ దూకుతూ దొరికాడు. పోలీసులు ఒక పూట కూర్చోబెట్టి నాలుగు తగిలించి వదిలారు. సూపర్‌వైజరు అక్కను పిలిచి, "ఇంకోసారి ఫిర్యాదొస్తే గది ఖాళీ చెయ్యాల్సిందే," అన్నాడు.

ఆ రోజుల్లోనే బస్టాండు పక్క హైస్కూలు మైదానంలో సైన్యంలో చేర్చుకునే శిబిరం పెట్టారు. వాడు రెండు రోజులు ఆమె కొంగు పట్టుకు తిరిగాడు.

"మూడు పూటలా తిండి పెడతారక్కా. బూట్లిస్తారు. నీకు తలనొప్పి వదులుతుంది."

"నీకు పదహారు నిండి రెండు నెలలు కాలేదు. పద్దెనిమిది ఉండాలంటున్నారు."

"ఇంటి పెద్ద సంతకం చేస్తే చాలంట. నువ్వేగా ఇంటి పెద్దవి."

వాడు పుట్టింది ఇంట్లో. పుట్టుక కాగితం లేదు. బడి రిజిస్టర్లు వరదలో కొట్టుకుపోయాయి. అప్పటికి యుద్ధం మాట ఎవరి నోటా లేదు. వీధుల్లో పోలీసుల చేతుల్లో పడేకన్నా అక్కడైనా దారిలో పడతాడనుకుంది ఆమె. ఆ మాటే నాతోనూ అంది, నేనూ సరేనన్నాను. ఆ సరే అన్నదాన్ని నేనే కాబట్టి ఇది చెప్పే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటున్నాను.

బల్ల దగ్గర కూర్చున్న ఆయన పుట్టిన తేదీ అడిగాడు. రోజు, నెల ఉన్నవి ఉన్నట్టే చెప్పింది. సంవత్సరం ఒక్కటీ రెండు వెనక్కి జరిపింది. ఆయన తలెత్తకుండా రాసుకుని సంతకం పెట్టమన్నాడు. తూకంలో కిలోన్నర తక్కువొచ్చాడని మర్నాడు రమ్మంటే, వాడు పొద్దున్నే డజను అరటిపళ్ళు తిని, కడుపు పట్టినన్ని నీళ్ళు తాగి, పెదాలు బిగించుకుని తూకమెక్కాడు. ముల్లు సరిపోయింది. గోడ వెనక్కెళ్ళి అంతా కక్కేసి, కళ్ళనీళ్ళతో నవ్వుతూ లాండ్రీలోకొచ్చాడు. "తీసుకున్నారక్కా," అన్నాడు.

సెలవుకు ఒక్కసారే వచ్చాడు. తొమ్మిది కిలోలు పెరిగాడు. మెడ కనిపిస్తోంది, అంటే మెడంటూ ఒకటి ఏర్పడింది. రెండు రోజులు ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. మూడోరోజు వాడు అక్క ఇస్త్రీ బల్ల మీద బూట్లు పెట్టి పాలిష్ చేస్తుంటే ఆమె తడిగుడ్డతో వీపు మీద ఒక్కటిచ్చింది. వాడు తిరిగి వెళ్ళిన నాలుగు నెలలకు యుద్ధం మొదలైంది. అప్పటినుంచి మా లాండ్రీకి పని రెట్టింపయింది. పెద్దాసుపత్రుల్లో చోటు చాలక గాయపడ్డవాళ్ళను మా ఊరికీ పంపేవారు. అక్క ఒక్కో దుప్పటీ చన్నీళ్ళలో నానబెట్టేది. ఏ వార్డు నుంచి వచ్చిందో అడిగేది కాదు.

మరో ఐదు వారాల్లో వాడికి పద్దెనిమిది నిండుతాయనగా వార్త వచ్చింది. సూపర్‌వైజరు చేతిలో కాగితంతో గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, "అక్కా," అన్నాడు. అంతకుముందెప్పుడూ ఆయన ఆమెను అలా పిలవలేదు. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, స్విచ్చి తీసి, చేతులు తుడుచుకుని అప్పుడు వెళ్ళింది. కాగితంలో విధి నిర్వహణలో వీరమరణం అని ఉంది.

పెట్టె వచ్చింది. మూత తెరవొద్దన్నారు. ఆమె తెరవలేదు. మోసుకొచ్చిన నలుగురినీ చూసి, "ఇంత బరువుందేంటి బాబూ. మావాడు ఇంత ఉండడే," అంది. పెట్టె చెక్కే బరువమ్మా అన్నాడు వాళ్ళలో ఒకడు. ఆమె తలూపింది. వారం తిరక్కుండా పనిలోకి వచ్చింది.

యుద్ధం ముగిశాక బస్టాండు కూడలిలో నల్లరాయి నిలబెట్టారు. మా ఊరివాళ్ళవి పదకొండు పేర్లు, పక్కన వయసులు. వాడి పేరు పక్కన పందొమ్మిది అని చెక్కారు. పదకొండు మందిలోకీ చిన్నవాడు కావడంతో కమిటీ పెద్దాయనకు వాడంటే ప్రత్యేకం. ఏటా యుద్ధం ముగిసిన రోజున సైరన్ మోగేది, ఒక నిమిషం అందరూ నిలబడేవాళ్ళు, ఆ తర్వాత ఆయన మైకు పట్టుకుని, "పందొమ్మిదేళ్ళకే, పందొమ్మిదేళ్ళకే," అని గొంతు వణికించేవాడు. బట్టల షాపు యజమాని ఆయన. గొంతు వణికించడం బేరంలో వచ్చిన విద్య. అక్క ముందు వరసలో కుర్చీలో కూర్చుని చేతులు చూసుకునేది.

రెండో ఏడాది ఒక మధ్యాహ్నం ఒకాయన లాండ్రీ వెతుక్కుంటూ వచ్చాడు. యాభై దాటినవాడు, చెవి ఒకటి కాలిపోయి ముడుచుకుపోయి ఉంది. తమ్ముడి దళంలో వంట చేసేవాణ్ణని చెప్పాడు. మేమిద్దరం అప్పుడు పెద్ద దుప్పట్లు మడతపెడుతున్నాం. అది ఇద్దరు చేసే పని, ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. నేను వెళ్ళబోతే అక్క ఉండమంది. ఆయనకు స్టూలు వేసింది.

మీ తమ్ముడు వీరుడు, ధైర్యవంతుడు అంటూ ఆయన మొదలుపెట్టాడు. ఆమె కాసేపు విని, "ఎక్కడ జరిగిందండీ?" అంది.

"రైలు వ్యాగన్లోంచి మందుగుండు పెట్టెలు దించుతున్నారమ్మా. రెండు రోజుల్నుంచీ ఎవరికీ నిద్రల్లేవు. ఒక పెట్టె చెయ్యి జారింది."

"శత్రువులు?"

"వాళ్ళు అక్కడికి నలభై మైళ్ళ దూరం." ఆయన నేలచూపులు చూశాడు. "వెంటనే పోయాడమ్మా. నొప్పి తెలియలేదు."

"నేను ఆసుపత్రిలో పనిచేస్తానండీ," అంది అక్క. "ఆ మాట రోజూ వింటాను. ఎంతసేపున్నాడు?"

"రెండు గంటలు."

"పక్కనెవరున్నారు?"

"నేనున్నానమ్మా."

"ఏమడిగాడు?"

"నీళ్ళు. డాక్టరు ఇవ్వొద్దన్నాడు. ఇవ్వలేదు. అది నాకు..."

"కడుపులో దెబ్బైతే ఇవ్వకూడదు," అంది అక్క. "మీరు చేసింది సరైన పనే."

ఆయన మొహం తుడుచుకున్నాడు. ఇంకేదో ఉందని ఇద్దరికీ అర్థమైంది. ఆమె తొందరపెట్టలేదు. చివరికి ఆయనే అన్నాడు. "నా చెవి తన నోటి దగ్గర పెట్టమన్నాడమ్మా. నాకింకా పద్దెనిమిది రాలేదు మామా అన్నాడు. పోనీ డాక్టరుతో చెబుతాను, నీకేమన్నా మేలవుతుందేమో అన్నాను. వద్దన్నాడు. అక్క తప్పు రాయించింది, తెలిస్తే అక్కను పట్టుకుపోతారు, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యమన్నాడు. వేశాను. ఇన్నాళ్ళూ ఆ ఒట్టు మోశాను. మీకు చెబితే ఒట్టు తప్పినట్టు కాదనుకున్నాను."

అక్క ఆయనకు టీ తెప్పించింది. బస్సు వేళ కనుక్కుని బయటిదాకా వెళ్ళి సాగనంపింది. తిరిగొచ్చి దుప్పటి తన కొస పట్టుకుంది. నేను నా కొస పట్టుకున్నాను. ఆ రోజు నూట నలభై దుప్పట్లు మడతపెట్టాం. చివరిదాని దగ్గర అంది:

"నా వయసూ అలాగే రాశారుగా. రెండేళ్ళు కలిపితే తిండి దొరుకుతుందని నాకు తెలుసు. ఆ తెలివే కొంప ముంచింది."

మర్నాడు సెలవు పెట్టి కమిటీ పెద్దాయన షాపుకు వెళ్ళింది. నన్ను తోడు రమ్మంది. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. విషయం విని చుట్టూ చూసి, పనివాణ్ణి పంపేశాడు.

"పదిహేడని చెక్కితే ఎవరికేం ఒరుగుతుందమ్మా? పసివాళ్ళను యుద్ధానికి పంపారని పేరొస్తుంది. అక్క అబద్ధమాడిందంటారు."

"ఆడానండి."

"నీ మంచికే చెబుతున్నా. వాడి పేరున వచ్చే పెన్షన్ సంగతి కూడా ఆలోచించుకో."

"ఆపేస్తే ఆపెయ్యనివ్వండి. వాడి వయసు వాడికిచ్చెయ్యండి."

"రాయి ఒకసారి చెక్కాక తుడిస్తే పోయేది కాదమ్మా," అన్నాడాయన. అందులో మాత్రం అబద్ధం లేదు.

తర్వాత ఇద్దరం రెండు బస్సులు మారి సైనికుల వ్యవహారాలు చూసే ఆఫీసుకు వెళ్ళాం. పొడుగాటి వరండా, బల్లలు, ఫైళ్ళకు కట్టిన తాళ్ళు. మూడో బల్ల దగ్గర గుమాస్తా ఓపికగా విన్నాడు. రికార్డు మార్చాలంటే పుట్టుక ధ్రువపత్రం కావాలన్నాడు.

"అది లేకే కదండీ నా మాట మీద రాసుకున్నారు. అప్పుడు నా మాట చాలింది. ఇప్పుడెందుకు చాలదు?"

గుమాస్తా కళ్ళజోడు తీశాడు. పక్క బల్లవైపు చూసి గొంతు తగ్గించాడు. "అప్పుడు మనుషులు కావాలమ్మా," అన్నాడు.

దరఖాస్తు తీసుకుని ముద్ర వేసి, ఒక నకలు చేతికిచ్చాడు. జవాబు రాలేదు. ఆమె మళ్ళీ రాసింది. దానికీ రాలేదు. కూడలిలో సభకు ఆ ఏడు నుంచి వెళ్ళడం మానేసింది. మొదటి ఏడాది ఆమె కుర్చీ ఖాళీగా ఉంచారు. రెండో ఏడాది మునిసిపల్ మెంబరు భార్య కూర్చుంది.

శిబిరం మాత్రం ఏటా రెండుసార్లు అదే మైదానంలో పెట్టేవాళ్ళు. అక్క ఆ రోజులకు సెలవు దాచుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే వెళ్ళి గేటు పక్కన టీ బండి దగ్గర నిలబడేది. బక్కపలచటి కుర్రాడు పెద్దవాళ్ళతో వస్తే ఎదురెళ్ళి, వాణ్ణి కాదు, పెద్దవాళ్ళను అడిగేది. "నిజం వయసెంత?" అంతే. తమ్ముడి సంగతి చెప్పేది కాదు, బతిమాలేది కాదు. కొందరు పిచ్చిదనుకుని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఒకాయన తోసేస్తే మోచెయ్యి చీరుకుపోయింది. బల్ల దగ్గరి అధికారి రెండుసార్లు మనిషిని పంపి వెళ్ళిపొమ్మనిపించాడు. ఆమె రోడ్డుకు అటువైపు మారింది. ఇన్నేళ్ళలో ఎంతమందిని వెనక్కి మళ్ళించావని ఒకసారి అడిగాను. "తెలియదు. తిరిగి వెళ్ళినవాళ్ళు ఇంకో ఊళ్ళో శిబిరానికి పోయుండొచ్చు," అంది.

ఆరో ఏట నేను నా కొడుకును తీసుకుని ఆ గేటు దగ్గరకు వెళ్ళాను.

దాచి చెప్పాల్సిన పని లేదు. మావాడికి పదహారున్నర. పదో తరగతి రెండుసార్లు తప్పాడు. వాళ్ళ నాన్న లారీలో పోతూ పోతూ ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టాడు. వాడు పొద్దస్తమానం మార్కెట్ దగ్గర ఎవరెవరితోనో కూర్చుంటున్నాడు. ఒకరోజు చేతి మీద కత్తిగాటుతో వచ్చాడు. శిబిరం రోజున నేను పనికి వెళ్తానని అక్కతో అబద్ధం చెప్పాను. ఆమె అక్కడే ఉంటుందని తెలుసు. అయినా వెళ్ళాను.

ఆమె మమ్మల్ని చూసి టీ గ్లాసు కింద పెట్టింది. దగ్గరకొచ్చింది.

"వాడి నిజం వయసెంత?"

"నీకు తెలుసుగా అక్కా. వాడు పుట్టినప్పుడు దుప్పటి తెచ్చింది నువ్వే."

"నాకు తెలుసు. వాళ్ళకేం చెబుతావు?"

ఎండ మండిపోతోంది. వెనక జనం. మావాడు నా చెయ్యి లాగుతున్నాడు. నా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"నీ తమ్ముడు పోతే పోయాడు, రాయి మీదైనా ఉన్నాడు. నా కొడుకు రోడ్డు మీద ఉన్నాడు."

ఆమె పక్కకు జరిగి మాకు దారి ఇచ్చింది.

బల్ల దగ్గర ఆయన అడిగాడు. రోజు చెప్పాను. నెల చెప్పాను. సంవత్సరం దగ్గర ఆగాను. ఆయన కలం ఎత్తి పట్టుకుని, "ఊఁ, సంవత్సరం?" అన్నాడు. ఉన్నదే చెప్పాను. ఆయన వేళ్ళ మీద లెక్క చూసుకుని, "ఏడాదిన్నర తర్వాత తీసుకురండి," అని కాగితం పక్కన పడేశాడు. మావాడు నా చెయ్యి విదిలించుకుని జనంలో పడి పోయాడు. గేటు దగ్గర అక్క లేదు. వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు మేమిద్దరం మాట్లాడుకోలేదు. పని ఇద్దరిది. ఒకే దుప్పటి, ఈ కొసన నేను, ఆ కొసన ఆమె. దగ్గరకు వచ్చి అంచులు కలపాలి, వేళ్ళు తగలాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. రోజుకు నూరుసార్లు ఎదురెదురుగా వచ్చి కళ్ళు దించుకునేవాళ్ళం. క్షమించమని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ మాటకు క్షమాపణ సరిపోదనిపించి ఊరుకున్నాను. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు. శిబిరానికి వెళ్ళడం మాత్రం మానేసింది. నా వల్లనే మానేసిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఒకరోజు ఆమె పనికి రాలేదు. రెండోరోజూ రాలేదు. ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళాను. జ్వరంతో వెచ్చటి గోడకు ఆనుకుని కూర్చుంది. టీ తీసుకుంది. సగం తాగాక అడిగింది.

"ఏం చేస్తున్నాడు?"

"మందుల కంపెనీ వ్యాను మీద క్లీనరుగా ఉన్నాడు. నాతో మాట్లాడడు. నా బతుకు ఆపేశావంటాడు."

"ఇంటికొస్తాడా?"

"వస్తాడు. తింటాడు. పడుకుంటాడు."

"మాట్లాడకపోతే మానె. కనిపిస్తున్నాడుగా," అంది.

మావాడు ఇప్పటికీ నాతో రెండు మాటలకు మించి మాట్లాడడు. వాడి ఈడువాళ్ళు ఇద్దరు సైన్యంలో చేరి, పెన్షన్ తీసుకుని, మేడలు కట్టుకున్నారు. అది నాకు వినిపించేలా భార్యతో చెబుతుంటాడు. నేను చేసింది మంచో చెడో వాడికి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

అక్క రిటైరయ్యాక మార్కెట్ వెనక చిన్న గది అద్దెకు తీసుకుంది. ఆదివారాలు వెళ్ళేదాన్ని. కాళ్ళ నొప్పుల గురించి, కొళాయి నీళ్ళ గురించి, లాండ్రీలో వచ్చిన కొత్త యంత్రం దుప్పట్లను తానే మడిచేస్తుందట అన్న వింత గురించి మాట్లాడుకునేవాళ్ళం. తమ్ముడి ఊసు ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆమె పోయి మూడేళ్ళయింది. పోవడానికి కొన్నాళ్ళ ముందు, ఏటా జరిగే ఆ సభ రోజున సైరన్ మోగింది. కిటికీలోంచి మైకు వినిపిస్తోంది. పెద్దాయన లేడు, ఆయన కొడుకు మాట్లాడుతున్నాడు. అందరికన్నా చిన్నవాడు, క్రమశిక్షణకు మారుపేరు, అంటున్నాడు.

"క్రమశిక్షణట," అంది అక్క. "వెధవ. ఒక్కరోజు తిన్న కంచం తియ్యలేదు. నా ట్రంకుపెట్టెలో చిల్లర కొట్టేసి సినిమాకెళ్ళి, ఎలక తినేసిందని చెప్పాడు. చిల్లర ఎలక తింటుందా? మూడు రోజులు మాట్లాడలేదు నేను. నాలుగో రోజు ఎక్కడో ఒక ఎలకను పట్టి, తోక పట్టుకుని తెచ్చి, నా ముందు పెట్టి, ఇదిగో దొంగ, అడుగు అన్నాడు. ఆ గది నిండా నా కేకలు, వాడి నవ్వు. ఆ ఎలక ఇస్త్రీబట్టల్లో దూరితే దొరికేసరికి సాయంత్రమైంది. చంపేద్దామనుకున్నా వాణ్ణి."

అలా వాణ్ణి తిడుతూనే ఉంది. బయట సభ అయిపోయి కుర్చీలు లారీలోకి ఎత్తుతున్న చప్పుడు వినిపించేదాకా తిట్టింది. నేను టీ పెట్టడానికి లేచాను.